టాప్ క్యాప్ బోల్టు ఎంత బిగించినా సైకిల్ హెడ్‌సెట్‌లో ప్లే పోవడం లేదు

ఊచలచక్రం

పాత స్టీల్ సైకిల్ ఫ్రేముకి కొత్త ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టేది), కొత్త హెడ్‌సెట్ (ఆ ఫోర్కు తిరిగే కప్పులు, బేరింగ్‌లు) ఇంట్లోనే వేశాను. ఫోర్కు మరలు లేని రకం. స్టీరర్, అంటే ఫ్రేము ముందున్న హెడ్ ట్యూబ్‌లో దూరే ఫోర్కు గొట్టం, స్టీలే, పైనుంచి కిందదాకా బయటి వ్యాసం 28.6 మి.మీ. హెడ్ ట్యూబ్ లోపలి వ్యాసం 34 మి.మీ. చూపిస్తోంది కాబట్టి కప్పులు బయటికి కనిపించే ఈసీ34 రకం తీసుకున్నాను. బేరింగ్‌లు కార్ట్రిడ్జ్‌వి (బాల్స్ లోపలే మూసి ఉండేవి). 12 మి.మీ. మరల కడ్డీ, వాషర్లు, రెండు నట్లతో పై కప్పు, కింది కప్పు ఒకేసారి ఎక్కించాను. క్రౌన్ రేస్‌ని (ఫోర్కు కిరీటం మీద కింది బేరింగ్ ఆనే రింగు) ప్లాస్టిక్ పైపుతో కొట్టి దించాను. టాప్ క్యాప్ బోల్టు ఎక్కే స్టార్ నట్ స్టీరర్ అంచు నుంచి 15 మి.మీ. లోపల ఉంది.

ముందు బ్రేకు పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ ఊపితే టక్కు టక్కుమంటోంది, అంటే ప్లే (వదులు కదలిక) ఉంది. టాప్ క్యాప్ బోల్టు బిగిస్తే కాస్త తగ్గుతుంది, ఆ తర్వాత బోల్టు గట్టిపడుతుందే గానీ ప్లే మాత్రం అలాగే ఉంటోంది. ఇంకా బిగించడానికి భయమేస్తోంది. హ్యాండిల్ తిప్పుతుంటే ఎడమవైపు ఒక చోట కొద్దిగా పట్టేసినట్టు కూడా ఉంది. బేరింగ్‌లు మార్చాలా? లేక కప్పులు సరిగ్గా కూర్చోలేదా? ఎక్కడ మొదలుపెట్టాలి?

గ్రీజుచేతులు

భయపడి ఆగడం మంచిదైంది. టాప్ క్యాప్ బోల్టు హెడ్‌సెట్‌ని పట్టి ఉంచేది కాదు. స్టార్ నట్‌ని పైకి లాగుతూ క్యాప్‌ని కిందికి నొక్కుతుంది, అంతే. ఆ నొక్కుడు స్టెమ్‌కీ (హ్యాండిల్‌ని స్టీరర్‌కి పట్టే భాగం), స్పేసర్లకీ (దాని కింది రింగులు), కంప్రెషన్ రింగ్‌కీ, అక్కణ్ణుంచి పై బేరింగ్‌కీ చేరుతుంది. ప్లే పోయాక స్టెమ్ పక్క బోల్టులు బిగిస్తే ఆ స్థితి నిలిచిపోతుంది. కాబట్టి సర్దుబాటు చేసేటప్పుడు పక్క బోల్టులు పూర్తిగా వదులుగా ఉండాలి. అవి బిగించి ఉంటే టాప్ క్యాప్ ఎంత తిప్పినా స్టెమ్ కిందికి జారదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. పొట్టి అలెన్ కీని రెండు వేళ్లతో తిప్పితే వచ్చేంత బలం చాలు, ఒకటి రెండు న్యూటన్ మీటర్లకి మించి అక్కర్లేదు.

దానికంటే ముందు, ఆ టక్కు హెడ్‌సెట్‌దేనా అన్నది తేల్చుకోండి. బ్రేకు ప్యాడ్లు, ముందు చక్రం హబ్, సస్పెన్షన్ ఫోర్కు అయితే దాని బుష్‌లు కూడా అచ్చం అలాగే చప్పుడు చేస్తాయి. హ్యాండిల్‌ని పూర్తిగా పక్కకి, తొంభై డిగ్రీలు తిప్పి, బ్రేకు పట్టుకోకుండా చక్రాన్ని నేలకి ఆనించి ఊపండి. ఒక చేతి వేలిని కింది కప్పుకీ ఫోర్కు కిరీటానికీ మధ్య సందులో ఆనించి ఉంచండి. కదలిక అక్కడ వేలికి తగిలితే హెడ్‌సెట్‌దే. చక్రాన్ని పట్టుకుని ఫోర్కు కాళ్ల మధ్య అటూ ఇటూ కదిపితే ఊగుతోందా, అయితే అది హబ్ సంగతి.

ఇక మీరు చెప్పిన లక్షణం, అంటే కొంతవరకు తగ్గి ఆ తర్వాత బోల్టు గట్టిపడి ప్లే అలాగే మిగలడం, నాకు ఒకే అనుమానం కలిగిస్తోంది: టాప్ క్యాప్ స్టీరర్ అంచుకే తగిలి ఆగిపోతోంది. స్టెమ్ పై అంచు కంటే స్టీరర్ 3 మి.మీ. కిందికి ఉండాలి. కొన్ని క్యాప్‌లకి అడుగున చిన్న పెదవి ఉంటుంది, అది లోపలికి దిగుతుంది కాబట్టి 1 మి.మీ. సందు ఉన్నా సరిపోదు. తేల్చుకోవడం సులువు. పక్క బోల్టులు వదులు చేసి స్టెమ్ మీద ఒక 5 మి.మీ. స్పేసర్ పెట్టి, దానిపైన క్యాప్ పెట్టి నెమ్మదిగా బిగించండి. ప్లే పోతే అసలు దోషి దొరికినట్టే. దానికోసం స్టీరర్ కోయనక్కర్లేదు, అలా స్పేసర్ వదిలేసినా బండికి నష్టం లేదు.

అలెన్‌కీ_5

పైవారు చెప్పింది మొదట చేయండి. అది చేశాక కూడా ప్లే ఉంటే కంప్రెషన్ రింగ్ చూడండి. అది ఒక చోట చీలిక ఉన్న సన్నటి రింగు, సన్నగా వాలిన అంచు కిందికి ఉండేలా పై బేరింగ్ లోపల కూర్చుంటుంది. ఇది స్టీరర్‌కీ బేరింగ్‌కీ మధ్య చీలలా పనిచేస్తుంది. అది లేకపోతే, లేదా తిరగబడి ఉంటే, స్టీరర్ బేరింగ్ మధ్యలో కదులుతూనే ఉంటుంది. కొన్ని హెడ్‌సెట్లలో ఇది పై మూతతో కలిసే వస్తుంది, విడిగా కనిపించదు.

కార్ట్రిడ్జ్ బేరింగ్‌లకి కూడా పైకింద ఉంది. లోపలి అంచుకి ఒక వాలు, బయటి అంచుకి ఇంకో వాలు. పై బేరింగ్‌లో లోపలి వాలు పైకి, అంటే కంప్రెషన్ రింగ్ వైపు ఉండాలి. బయటి వాలు కప్పులోకి కూర్చోవాలి. కింద దీనికి సరిగ్గా తలకిందులు: లోపలి వాలు క్రౌన్ రేస్ వైపు కిందికి, బయటి వాలు కప్పు వైపు పైకి. చేతిలో పట్టుకుని క్రౌన్ రేస్ మీద బేరింగ్‌ని పెట్టి చూస్తే తెలిసిపోతుంది. సరైన వైపు ఉంటే అతుక్కున్నట్టు కూర్చుంటుంది, తప్పు వైపు ఉంటే ఊగుతుంది.

బేరింగ్ సీలు మీద 36×45 అనో 45×45 అనో ఉంటుంది. మొదటిది లోపలి వాలు కోణం, రెండోది బయటిది. 36 డిగ్రీల బేరింగ్‌కి 45 డిగ్రీల క్రౌన్ రేస్ పెడితే వాలు మొత్తం ఆనదు, ఒక అంచు గీతలా మాత్రమే తగులుతుంది. ఎంత బిగించినా కొన్నాళ్లకి మళ్లీ ప్లే వస్తుంది. పెట్టెలోవి పెట్టెలోవే వాడి ఉంటే ఈ గొడవ రాదు. పాత క్రౌన్ రేస్‌ని ఉంచేసి బేరింగ్ మాత్రం మార్చినప్పుడే వస్తుంది.

ఊచలచక్రం

ఇద్దరికీ ధన్యవాదాలండీ. స్టీరర్ స్టెమ్ అంచు కంటే 1 మి.మీ. మాత్రమే కిందికి ఉంది, క్యాప్‌కి అడుగున పెదవి కూడా ఉంది. పైన 5 మి.మీ. స్పేసర్ పెట్టగానే ప్లే పోయింది. కంప్రెషన్ రింగ్, బేరింగ్‌ల దిశ సరిగ్గానే ఉన్నాయి.

ఇప్పుడు రెండో సమస్య ఇంకా స్పష్టంగా తెలుస్తోంది. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ తిప్పితే ఎడమకి దాదాపు ముప్ఫై డిగ్రీల దగ్గర పట్టేస్తోంది, కుడివైపు తేలిగ్గా తిరుగుతోంది. ప్లే పోయేంత బిగిస్తే ఎడమన బిగుసు. ఎడమన తేలిగ్గా ఉండేలా వదిలితే మధ్యలో ప్లే.

మరలకడ్డీ

ఇది బిగించి సరిచేసే సమస్య కాదు. ఏదో వంకరగా కూర్చుంది. ఒకటి కాదు, రెండు వంకరగా ఉన్నాయని నా లెక్క.

ఎందుకంటే కప్పులు ఫ్రేముతో పాటు నిలబడి ఉంటాయి, క్రౌన్ రేస్ ఫోర్కుతో పాటు తిరుగుతుంది. కప్పు ఒక్కటే వంకరగా ఉంటే, ఆ వంకర హ్యాండిల్‌తో తిరగదు కాబట్టి బిగువు అన్ని కోణాల్లో ఒకేలా ఉంటుంది. రేస్ ఒక్కటే వంకరైనా దాదాపు అంతే. రెండూ వంకరగా ఉంటేనే ఒక కోణంలో ఆ రెండు వంపులూ కలిసి బిగుస్తాయి, ఇంకో కోణంలో ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. స్టీరర్ వంగి ఉన్నా ఇలా రావచ్చు గానీ కొత్త ఫోర్కు కాబట్టి దాన్ని ఆఖరికి ఉంచుదాం. బేరింగ్ లోపల గుంట పడినా ఒక చోటే పట్టేస్తుంది, కానీ అది గీత దాటినట్టు టక్కున తెలుస్తుంది, మీరు చెప్పినట్టు మెల్లగా బిగుసుకోదు.

ఫోర్కు దించి, బేరింగ్‌లు తీసి, కప్పు అంచుకీ హెడ్ ట్యూబ్ అంచుకీ మధ్య చుట్టూ వెలుతురు పెట్టి చూడండి. పల్చటి కాగితం ముక్క ఎక్కడైనా దూరితే ఆ వైపు కూర్చోలేదన్నమాట. క్రౌన్ రేస్ కింద కూడా అదే పరీక్ష. ప్లాస్టిక్ పైపుతో కొట్టారంటే నా కన్ను ముందు దానిమీదే పడుతుంది.

ఊచలచక్రం

మీ లెక్క నిజమే. కింది కప్పు వెనకవైపు కాగితం దూరుతోంది, ముందు దూరడం లేదు. క్రౌన్ రేస్ కింద కూడా ఒక పక్క సన్నటి వెలుతురు గీత కనిపిస్తోంది. పై కప్పు బాగానే ఆనింది. కింది కప్పుని తీయకుండా ఆ వెనకవైపు మాత్రమే నొక్కి దించొచ్చా?

మరలకడ్డీ

వద్దు. వంకరగా దూరిన కప్పుని ఒక పక్క నుంచి నొక్కితే అది హెడ్ ట్యూబ్ గోడని చెక్కుకుంటూ దిగుతుంది. స్టీల్ ఫ్రేములో కప్పే చెక్కుకుపోతుంది, అల్యూమినియం ఫ్రేములో రంధ్రం కోలగా సాగుతుంది. తీసి మళ్లీ వేయండి.

తీయడానికి 25 మి.మీ. బయటి వ్యాసం ఉన్న స్టీల్ పైపు, ఒక అడుగు పొడవు చాలు. ఒక కొసన ప్లస్ ఆకారంలో 8 నుంచి 10 సెం.మీ. లోతుకి రంపంతో చీల్చి ఆ నాలుగు రెక్కల్నీ కొద్దిగా బయటికి వంచండి. చీల్చని కొసని కింది కప్పులోంచి పైకి దూర్చి, పై కప్పులోంచి బయటికి లాగుతూ పోతే రెక్కలు నొక్కుకుని లోపలికొచ్చి, కప్పు దాటగానే విచ్చుకుని దాని లోపలి అంచు వెనక తగులుకుంటాయి. అప్పుడు పైనుంచి సుత్తితో కొట్టండి. మొదట్లో మొండికేస్తుంది, కదలడం మొదలయ్యాక తేలిగ్గా వచ్చేస్తుంది. పడేటప్పుడు కప్పు నేలకి తగలకుండా కింద గుడ్డ వేసుకోండి. స్క్రూడ్రైవర్‌తో ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క కొట్టి కూడా తీస్తారు గానీ కప్పు వంకరగా వస్తుంది, రంధ్రం పాడవుతుంది.

తీశాక హెడ్ ట్యూబ్ కింది అంచు చూడండి. రంగు పొర దళసరిగా గానీ, చుక్కలా గట్టిపడి గానీ ఉంటే బ్లేడుతో గీకి లోహం దాకా తీసేయండి. అంచుని ఆకురాయితో మాత్రం రుద్దొద్దు. చేత్తో రుద్దితే సమంగా రాదు, ఉన్న వంకర ఇంకా పెరుగుతుంది. అంచు నిజంగానే వంకరగా ఉంటే అది అంచుని సమంగా కోసే ఫేసింగ్ పనిముట్టుతో చేయించాల్సిన పని.

వెర్నియర్ ఉంటే కప్పు బయటి వ్యాసం, ట్యూబ్ లోపలి వ్యాసం రెండూ రెండు దిక్కుల్లో కొలవండి. కప్పు 0.1 నుంచి 0.2 మి.మీ. పెద్దగా ఉండాలి. తేడా ఇంకా ఎక్కువుంటే బలవంతం చేయొద్దు. దాదాపు సమానంగా ఉంటే కప్పు నిలవదు, అప్పుడు గ్రీజు బదులు రిటైనింగ్ కాంపౌండ్ (లోహ భాగాల్ని పట్టి ఉంచే జిగురు) వాడాలి. దానికి రెండు ఉపరితలాలూ జిడ్డు లేకుండా ఉండాలి, ఆరడానికి ఒక రోజు వదలాలి.

ఎక్కించేటప్పుడు ఒక్కో కప్పు విడివిడిగా. రెండూ ఒకేసారి నొక్కితే ఏది వంకరపోతోందో కంటికి తెలియదు, కడ్డీ కూడా ఏటవాలుగా సర్దుకుంటుంది. మీకు జరిగింది అదే అయ్యుండాలి. పై కప్పు ఎలాగూ బాగుంది కాబట్టి దాన్ని కదపొద్దు. పై కప్పు అంచుకి చదునైన చెక్క ఆనించి దానిమీద వాషర్, నట్టు. కింద కొత్తగా ఎక్కే కప్పు కింద 50 మి.మీ. పైబడిన దళసరి వాషర్, అది కప్పు బయటి అంచునే నొక్కాలి. బేరింగ్ లోపల పెట్టి దానిమీద నొక్కితే బేరింగ్ పోయినట్టే. ట్యూబ్ లోపల పల్చగా గ్రీజు రాయండి. మొదటి 2, 3 మి.మీ. అన్నిటికన్నా ముఖ్యం: నట్టుని పావు చుట్టు తిప్పడం, చుట్టూ తిరిగి సందు సమంగా ఉందో చూడటం, మళ్లీ పావు చుట్టు. వంకరపోతున్నట్టు అనిపిస్తే అక్కడే ఆపి, వెనక్కి కొట్టి తీసి మళ్లీ మొదలుపెట్టండి. కప్పు పూర్తిగా ఆనగానే పానాకి ఒక్కసారిగా బరువు పెరుగుతుంది, అక్కడ ఆపేయాలి.

నూనెబుడ్డి

చెక్క పెట్టి సుత్తితో కొడితే సరిపోతుందని చెప్పేవాళ్లున్నారు. కడ్డీ, నట్లు దొరికాక దాని అవసరం లేదు. సుత్తి దెబ్బకి కప్పు ఏ పక్కకి ఒరుగుతుందో మన చేతిలో ఉండదు. కప్పుని ఫ్రీజర్‌లో పెట్టడం మరో చిట్కా. అల్యూమినియం కప్పు నలభై డిగ్రీలు చల్లబడితే 34 మి.మీ. వ్యాసంలో దాదాపు 0.03 మి.మీ. తగ్గుతుంది. మొదలు దూరడానికి కాస్త సాయమే గానీ వంకరని అదేం ఆపదు.

క్రౌన్ రేస్‌కి మాత్రం సుత్తే దిక్కు, కానీ ప్లాస్టిక్ పైపు కాదు. దాని అంచు నలిగి దెబ్బ ఒక పక్కకే పోతుంది. లోపలి వ్యాసం 29, 30 మి.మీ. ఉండి, స్టీరర్ కంటే పొడవుగా, కొస సూటిగా కోసిన స్టీల్ పైపు కావాలి. పైపు అంచు రేస్ లోపలి చదునైన మెట్టు మీద పడాలి, బేరింగ్ ఆనే వాలు మీద పడకూడదు. పాత రేస్ ఉంటే దాన్ని తిరగేసి కొత్తదాని మీద పెట్టి కొట్టడం ఇంకా మేలు, గాటు పడేదేదో పాతదాని మీదే పడుతుంది. ఫోర్కు కాళ్ల కొసలు నేలకి ఆనించి కొట్టకండి, కాళ్లు వంగుతాయి. ఒక చేత్తో కిరీటం దగ్గర గాల్లో పట్టుకుని పైపుని కొట్టాలి. రేస్ కూర్చునేదాకా మొద్దుగా దబ్‌మంటుంది, కూర్చోగానే చప్పుడు ఠంగ్‌మని మారుతుంది. ఆ తేడా చెవికి బాగా తెలుస్తుంది.

మీది ఇప్పటికే సగం దిగింది కాబట్టి తీయకుండా అలాగే దించొచ్చు, కింద రంగు పెచ్చులు ఇరుక్కోకపోతే. ఎంతకీ దిగకపోతే మాత్రం కొలవండి. ఈ స్టీరర్‌కి రేస్ కూర్చునే చోటు 30 మి.మీ. పైన చిటికెడు ఉండాలి, రేస్ రంధ్రం 30.0. కొన్ని హెడ్‌సెట్లకి చీలిక ఉన్న రేస్ వస్తుంది, అది చేత్తోనే దిగుతుంది, కొట్టే పనే లేదు. అంగుళం స్టీరర్‌తో పాత బండ్లు నడిపేవాళ్లకి ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది: 26.4, 27.0 అని రెండు కొలతలు. 27.0 రేస్ 26.4 చోట వదులుగా తిరుగుతుంది, కింద జిగురు పెట్టినా అది మందు కాదు.

పాతసైకిల్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాది మరలున్న ఫోర్కు, పంజరంలో బాల్స్ ఉండే హెడ్‌సెట్. విప్పి గ్రీజు పెట్టి బిగించాక గరగరమంటోంది. ఇందులో ఏది తప్పయ్యుంటుంది?

గ్రీజుచేతులు

పంజరం తిరగబడిందేమో చూడండి, పదింట తొమ్మిదిసార్లు అదే. బాల్స్ బయటికి తేలి ఉండే వైపు కోన్‌కి (ఉబ్బెత్తుగా వాలిన రేస్) ఎదురుగా ఉండాలి, పంజరం వీపు కప్పులోకి పోవాలి. పైన ఏది కోన్, ఏది కప్పు అన్నది హెడ్‌సెట్‌ని బట్టి మారుతుంది కాబట్టి కింద పెట్టినట్టే పైన పెట్టకండి, ఆకారం చూసి పెట్టండి. తిరగబడితే పంజరం రేకే రేస్‌ని రుద్దుతుంది.

పంజరం తీసేసి విడి బాల్స్ వేసుకున్నా బాగుంటుంది. అంగుళం హెడ్‌సెట్లలో చాలావాటికి అంగుళంలో 5/32 వంతు, అంటే దాదాపు 4 మి.మీ. బాల్స్. పాతదాన్ని కొలిచి అదే కొనండి. కప్పు నిండా గ్రీజు పెట్టి బాల్స్ పేర్చి, నిండాక ఒకటి తీసేయాలి. హ్యాండిల్ నడిమధ్యకి రాగానే గాడిలో పడ్డట్టు ఆగే జబ్బుకి కూడా ఇది తాత్కాలికంగా పనిచేస్తుంది. బాల్స్ సంఖ్య మారడంతో అవి పాత గుంటల్లో ఒకేసారి పడవు. అసలు మందు రేసులు మార్చడమే.

సర్దేటప్పుడు పై రేస్‌ని ఒక పానాతో కదలకుండా పట్టుకుని ఇంకో పానాతో లాక్ నట్టు బిగించండి. అంగుళం సైజుకి మామూలుగా 32 మి.మీ. పానా. లాక్ నట్టు బిగించగానే సర్దుబాటు మారుతుంది, రెండు మూడుసార్లు తిప్పి తిప్పి చూసుకోవాల్సిందే.

అలెన్‌కీ_5

ఊచలచక్రం గారూ, తిరిగి కూర్చేటప్పుడు వరస: కింది బేరింగ్‌ని గ్రీజుతో రేస్ మీద పెట్టి ఫోర్కు దూర్చండి, పై బేరింగ్, కంప్రెషన్ రింగ్, మూత, స్పేసర్లు, స్టెమ్, మీ పై స్పేసర్, టాప్ క్యాప్. కింది బేరింగ్ చుట్టూ గ్రీజుకి పిసినారితనం వద్దు, చక్రం చిమ్మే నీళ్లన్నీ దానికే. పై మూత కప్పు అంచుకి రుద్దుతుంటే 0.25 మి.మీ. షిమ్ (పల్చటి రింగు) ఒకటి మూత కిందా కంప్రెషన్ రింగ్ పైనా వేస్తే చాలు. స్టెమ్ పక్క బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెంగా, స్టెమ్ మీద రాసి ఉన్న బిగువుకి. మామూలుగా 5, 6 న్యూటన్ మీటర్లు ఉంటుంది.

ఇది చదివే ఎవరిదైనా కార్బన్ స్టీరర్ అయితే స్టార్ నట్ కొట్టకండి, లోపలి పొరలు చీలిపోతాయి. దానికి విచ్చుకునే ప్లగ్ వేరే ఉంటుంది. స్టెమ్ కింద గ్రీజు బదులు కార్బన్ పేస్టు.

ఊచలచక్రం

కింది కప్పు తీసి, ట్యూబ్ అంచున గట్టిపడ్డ రంగు చుక్క గీకేసి, విడిగా ఎక్కించాను. రేస్ స్టీల్ పైపుతో మూడు దెబ్బలకే ఠంగ్‌మంది. ఇప్పుడు కాగితం ఎక్కడా దూరడం లేదు, రెండు వైపులా ఒకేలా తిరుగుతోంది, ప్లే లేదు. గట్టిగా లేచి తొక్కితే మాత్రం కిర్రుమని సన్నగా వినిపిస్తోంది. ఇది హెడ్‌సెట్‌దేనా?

నూనెబుడ్డి

నిలబడి తొక్కినప్పుడే వస్తోందంటే ముందు స్టెమ్‌కీ హ్యాండిల్‌కీ మధ్య, స్టెమ్‌కీ స్టీరర్‌కీ మధ్య చూడండి. రెండూ విప్పి తుడిచి, మీది స్టీల్ స్టీరర్ కాబట్టి పల్చగా గ్రీజు రాసి మళ్లీ బిగించండి. స్పేసర్ల ముఖాలకి కూడా. పోకపోతే చక్రాన్ని గోడకి ఆనించి హ్యాండిల్ నొక్కుతూ కప్పుల మీద వేలు పెట్టి వినండి, కప్పు పొడిగా దూరి ఉంటే అక్కడే కిర్రుమంటుంది. మొదటి ఒకటి రెండు రైడ్ల తర్వాత భాగాలు సర్దుకుని కొద్దిగా ప్లే తిరిగి రావచ్చు, అది లోపం కాదు. పక్క బోల్టులు వదులు చేసి, టాప్ క్యాప్ ఎనిమిదో వంతు చుట్టు తిప్పి, మళ్లీ పక్క బోల్టులు బిగించండి.